పంది ఎప్పుడొస్తుంది?

"ఆగు లువా, ఆగు," అంది లియూ టీచర్. "ఇంతకీ పంది ఎప్పుడొస్తుంది?"

లువా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. బోర్డు ముందు నిలబడి, గడ్డం పైకెత్తి, ఎంతో శ్రద్ధగా కథ చెబుతోంది. ఇలా ఆపేస్తారని అనుకోలేదు.

"వస్తుంది టీచర్. దానికి ముందు ఇంకా చాలా ఉంది."

"అదే అడుగుతున్నా. ఏముంది?"

"ముందు ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలు. తర్వాత టీచర్లకి, తర్వాత స్నేహితులకి. తర్వాత 'ప్రతి మనిషి జీవితంలోనూ మరువలేని జ్ఞాపకం ఒకటి ఉంటుంది' అన్న వాక్యం. తర్వాత మా ఊరు, మా కాలువ, మా అమ్మమ్మ పడవ, దానికి వేసిన రంగు..."

వెనక బెంచీలోంచి గుర్రు వినిపించింది. దౌ బల్ల మీద తల వాల్చి నిద్ర నటిస్తున్నాడు. క్లాసంతా కిసుక్కుమంది.

"దౌ, లే," అని టీచర్ కసిరింది. కానీ ఆవిడకీ నవ్వొచ్చినట్టే ఉంది.

ఆ బడిలో ప్రతి సోమవారం పొద్దున జెండా ఎగరేశాక ఒక క్లాసు తరఫున ఒకళ్ళు మైకు ముందుకొచ్చి కథ చెప్పాలి. ఈ సోమవారం ఐదో తరగతి వంతు. లువా మూడో తరగతి నుంచీ ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. ఆశ ఎంతుందో భయమూ అంతే ఉంది. పోయిన వారం నాలుగో తరగతి పిల్లాడు కథ చెబుతుంటే, ఎండలో ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ జడలు ఒకళ్ళు లాక్కున్నారు. ఒకడు వంగి చీమలకి దారి తవ్వాడు. ఆ పిల్లాడు చెప్పింది ఏం కథో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తన గతీ అంతేనేమోనని లువా బెంగ.

"ఆ జ్ఞాపకం వాక్యం ఎక్కడిది?" అని అడిగింది టీచర్.

"నమూనా వ్యాసాల పుస్తకంలోది టీచర్."

"అవును మరి. అమ్మ మీద వ్యాసం రాయమంటే సగం క్లాసు దాంతోనే మొదలుపెట్టింది. కుక్క మీద రాయమన్నా అదే. దౌ వాళ్ళ కోడిపుంజు మీద కూడా అదే రాశాడు."

"అది నిజంగానే మరువలేని కోడి టీచర్," అన్నాడు దౌ.

టీచర్ వాణ్ణి పట్టించుకోలేదు. లువా దగ్గరికొచ్చి బల్ల అంచున కూర్చుంది. "చూడు, నీ కథ మంచిది. కాలువకి సముద్రపు పోటు వచ్చిన రోజు మీ అమ్మమ్మ పడవలోకి పందిని ఎక్కించడం, అది మధ్యలో లేచి నిలబడటం. అందరూ వింటారు. కానీ అక్కడికి వచ్చేసరికి వినేవాళ్ళెవరూ మిగలరు. కథని పుట్టుక నుంచీ చెప్పక్కర్లేదమ్మా. అది జరుగుతుండగా పట్టుకో. కదిలిపోతున్న పడవలోకి దూకినట్టు దూకు."

"నిజం పడవలోకి దూకొద్దని మీరే అన్నారు కదా టీచర్," అన్నాడు దౌ.

"నిజం పడవలోకి దూకావంటే చెవి మెలేస్తా. కథలోకి దూకొచ్చు. ఊరు, రంగు, అవన్నీ దారిలో చెప్పుకోవచ్చు. ముందు పందిని తోలుకురా లువా."

లువా తల ఊపింది. ఊపిందే గానీ, ఎక్కడ దూకాలో ఆమెకి తెలియలేదు.

బడి వదిలాక దౌ ఆమె పక్కన గంతులేస్తూ నడిచాడు. "నాకు అర్థమైంది. పడవ మునిగేచోట మొదలెట్టు. మీ అమ్మమ్మ వేసిన కేకతో! మైకులో ఆ కేక వేశావంటే బడంతా లేచి నిలబడుద్ది."

"ఆ కేకా?" అంది లువా.

"ఆ కేకే."

మెకాంగ్ నది ఆ ప్రాంతానికి వచ్చేసరికి చీలి చీలి కాలువలైపోతుంది. వాళ్ళ ఇళ్ళన్నీ కాలువ గట్ల మీదే. అక్కడ ఒక కేక ఉంది. "జనాలారో! ఓ జనాలారో!" అని. అది చెవిన పడితే ఎవరైనా సరే చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. పొయ్యి మీద అన్నం మాడినా మాడనివ్వాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. ఈత రాకముందే పిల్లలకి ఇది వచ్చేస్తుంది. అందుకే ఊరికే ఎవరూ ఆ కేక వేయరు. లువా తన జన్మలో దాన్ని విన్నది ఒకే ఒక్కసారి, ఆ పంది రోజున, అమ్మమ్మ నోట.

"అది ఆటలకి వేసేది కాదురా," అంది లువా.

"ఇది ఆటేంటి? కథ! పైగా టీచరే చెప్పింది దూకమని."

లువాకి చీమలకి దారి తవ్విన పిల్లాడు గుర్తొచ్చాడు. ఇంక కాదనలేకపోయింది.

*

శనివారం మధ్యాహ్నం. ఎండకి కాలువంతా మత్తుగా పడుకుంది. ఇళ్ళలో ఊయలలు కిర్రు కిర్రుమంటున్నాయి. అమ్మమ్మ పడవ అవతలి ఒడ్డున ఉంది. ఆమె ఆకు టోపీ ముఖం మీదికి లాక్కుని, కాలువ దాటేవాళ్ళు వచ్చి పిలిస్తే లేద్దామని పడవలోనే నడుం వాల్చింది.

లువా ఇవతలి రేవు చెక్కల మీద నిలబడింది. దౌ దూరంగా కొబ్బరిచెట్టు కింద కూర్చున్నాడు. వాడిప్పుడు బడి ఆవరణలో చిట్టచివరి వరస.

"మొదలెట్టు!" అన్నాడు వాడు.

"జనాలారో," అంది లువా.

"ఏంటీ? దోమ కూసినట్టుంది. చివరి వరసకి వినపడొద్దా?"

"జనాలారో! పడవ మునిగిపోతోంది!"

"చీమలకి దారి తవ్వుకుంటున్నానే నేనింకా!"

ఆ మాటకి లువాకి ఒళ్ళు మండింది. ఊపిరంతా బిగబట్టి, కళ్ళు మూసుకుని, నోటి చుట్టూ చేతులు పెట్టుకుంది. "జనాలారో! ఓ జనాలారో! పడవ మునిగిపోతోందీ!"

ఆ కేక నీళ్ళ మీద పరిగెత్తుకుంటూ పోయింది. ఎంత బాగా వచ్చిందో అనుకుంటూ లువా కళ్ళు తెరిచింది.

ముందు కుక్కలు లేచాయి. తర్వాత ఎక్కడో ఒక తలుపు ధడాలున తెరుచుకుంది. ఆ తర్వాత కాలువ మొత్తం లేచింది.

చిన్ తాత నడుం పట్టుకుని, లారీ ట్యూబు ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు. ఆయనకి నడవడమే కష్టం. సౌ అత్తయ్య మోచేతుల దాకా సబ్బు నురగతో, తడి చీపురు పుచ్చుకుని వచ్చింది. చీపురెందుకో ఆవిడకీ తెలీదు. అవతలి ఒడ్డున అమ్మమ్మ పడవ తాడు విప్పకుండా తెంపేసి, ఎన్నడూ లేనంత వేగంగా తెడ్లు వేస్తోంది. అన్నిటికంటే ముందు నామ్ మామయ్య ఇంజన్ పడవ దూసుకొచ్చింది. ఆయన ఎడం చేతిలో ఇంకా అన్నం గిన్నె ఉంది. పడవ పూర్తిగా ఆగకముందే రేవు మీదికి దూకాడు. చెక్కలోంచి పైకి లేచిన మేకు మీద పడింది ఆయన కాలు.

"ఎక్కడ? ఎవరు?" అన్నాడు కుంటుతూనే. కళ్ళు నీళ్ళ మీదే వెతుకుతున్నాయి.

లువా దౌ వైపు చూసింది. వాడు తేలు కుట్టిన దొంగలా కొబ్బరిచెట్టుకి అతుక్కుపోయి ఉన్నాడు.

"అదీ... సోమవారం... బడిలో జెండా కార్యక్రమం ఉంటుంది కదా మామయ్యా..."

"ఎవరు పడ్డారే?" అమ్మమ్మ పడవలోంచే అరిచింది.

"ఈసారి మా క్లాసు వంతు వచ్చింది. అయితే లియూ టీచర్ ఏమన్నారంటే..."

"లువా!" అమ్మమ్మ పడవ రేవుని గుద్దుకుంది. "మునిగిందెవరే?"

"ఎవరూ లేరు," అంది లువా. "కథ చెప్పడం నేర్చుకుంటున్నా."

సౌ అత్తయ్య చేతుల మీది నురగ చెక్కల మీద పడుతోంది. చిన్ తాత ట్యూబు మీద కూలబడి ఆయాసంతో రొప్పుతున్నాడు. నామ్ మామయ్య అప్పుడు గానీ కిందికి చూసుకోలేదు. ఆయన అడుగు కింద చెక్క ఎర్రగా తడిసింది.

ఆయన లువాని తిట్టలేదు. తిడితే బాగుండేది. గిన్నె వైపు, కాలి వైపు చూసుకుని, "సరే. ఈసారి కేక వినపడితే అన్నం తినేసి వస్తాలే," అన్నాడు.

అని కుంటుకుంటూ పడవెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తెలిసింది, ఆయన పాదానికి కుట్లు పడ్డాయని.

ఆ రాత్రి లువాకి అన్నం సయించలేదు. నామ్ మామయ్య అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. నిజంగా ఎవరైనా మునిగితే? నిజంగా తనే మునిగితే? ఆయన అన్నం తిని వచ్చేసరికి ఏం మిగులుతుంది? తన వల్ల కాలువలో ఏదో విరిగిపోయినట్టు ఉంది ఆమెకి. దాన్ని ఎలా అతికించాలో తెలియక దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది.

*

పొద్దున్నే అమ్మమ్మ తెడ్లు తెచ్చి లువా చేతుల్లో పెట్టింది.

"నువ్వు పిలిస్తే వాళ్ళు వచ్చారు. ఇప్పుడు వాళ్ళ దగ్గరికి నువ్వు వెళ్ళు. వచ్చినవాళ్ళందరి గడపా ఎక్కాలి."

"నువ్వు?"

"నేను పడవలో కూచుంటా. నోరు నీది, పని నీది."

లువా నిలబడి తెడ్లు వేసింది. అమ్మమ్మ ముందు భాగాన కూర్చుని, గళ్ళ కండువా తలకి చుట్టుకుని, నీళ్ళ వంక చూస్తోంది.

మొదటి ఇల్లు చిన్ తాతది. ఆయన వాకిట్లో టీ పోసుకుంటున్నాడు. లువాకీ ఒక చిన్న కప్పు ఇచ్చాడు.

"తాతా, అన్నం తిన్నారా?" అంది లువా.

"తిన్నానమ్మా."

"ఎండ బాగా కాస్తోంది కదా తాతా. మీ నడుం ఎలా ఉంది? మీకు తెలుసో లేదో, మా బడిలో ప్రతి సోమవారం జెండా కార్యక్రమం ఉంటుంది. జెండా ఎగరేశాక ఒక క్లాసు వాళ్ళు కథ చెబుతారు. ఈ సోమవారం మా క్లాసు. మా టీచర్ పేరు లియూ..."

చిన్ తాత తల ఊపాడు. ఇంకో కప్పు టీ తాగాడు. మళ్ళీ తల ఊపాడు. లువా చెబుతూనే ఉంది. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చాలడం లేదు. అందుకని ఇంకొంచెం వెనక్కి వెళ్ళి, ఇంకొంచెం ముందు నుంచి మొదలుపెడుతోంది.

కాసేపటికి ఆమె పడవలోకి తిరిగొచ్చింది.

"చెప్పావా?" అంది అమ్మమ్మ.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

లువా తల దించుకుంది. "తప్పకుండా వస్తానన్నాడు."

"ఎక్కడికి?"

"బడికి. నేను పిలవడానికొచ్చానని అనుకున్నాడు. అక్కడ తినడానికి ఏం పెడతారని అడిగాడు."

అమ్మమ్మ చప్పున ముఖం పక్కకి తిప్పుకుంది. ఆమె భుజాలు కదిలాయి. నవ్వు అణుచుకుని మళ్ళీ కోపంగా ఇటు తిరగడానికి కొంచెం సమయం పట్టింది.

"ఏమిటే ఈ డొంకతిరుగుడు? ఆ కేక వేసినప్పుడు నీకు నమస్కారాలూ, ముందుమాటలూ ఏవీ అడ్డం రాలేదే! పో. మళ్ళీ వెళ్ళి చెప్పు."

లువా మళ్ళీ వాకిట్లోకి వెళ్ళింది. చిన్ తాత మూడో కప్పు పోసుకుంటున్నాడు. ఆమె కూర్చోలేదు.

"తాతా, నిన్న నేను అబద్ధపు కేక వేశాను. మీరు నడుం నొప్పితో పరిగెత్తారు. తప్పు నాది."

కప్పు ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. ఇంతసేపట్లో మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఎందుకేశావమ్మా?" అన్నాడు.

లువా ఆశ్చర్యపోయింది. ఇందాక అరగంట పాటు ఆమె చెప్పింది అదే. అప్పుడు ఆయనకి ఎక్కలేదు. ఇప్పుడు ఆయనే అడుగుతున్నాడు, అదీ చెవి ఇటు పెట్టి మరీ. జెండా సంగతి, టీచర్ సంగతి, దౌ సంగతి అంతా మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన టీ తాగడం మర్చిపోయాడు.

"పిచ్చి తల్లీ," అన్నాడు చివరికి. "ఆ ట్యూబు నా మనవడిది. దొర్లిస్తే దారిలో పంచరైంది. వాడికి నువ్వే చెప్పుకో."

సౌ అత్తయ్య ఇంటి దగ్గర లువా డొంకతిరుగుడు జోలికి పోలేదు. పడవలోంచి దిగుతూనే చెప్పేసింది. సౌ అత్తయ్య మెత్తని మనిషి కాదు.

"నువ్వు కేకేశావు, నేను బట్టలు వదిలేసి వచ్చాను. మా ఆయన కొత్త చొక్కా కాలువలో కొట్టుకుపోయింది తెలుసా? ఈపాటికి సముద్రంలో ఏ చేపో తొడుక్కుని ఉంటుంది! ఏమే, నీకు బుద్ధుందా?"

"లేదత్తయ్యా," అంది లువా.

ఆ జవాబు విని సౌ అత్తయ్య లోపలికి వెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి, విసురుగా లువా చేతిలో పెట్టింది.

చివరి ఇల్లు నామ్ మామయ్యది. రేవు దగ్గర లువా పడవ తాడుని కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది.

ఆయన అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పాదానికి తెల్లటి కట్టు. పక్కన కొబ్బరికాయల గుట్ట. కొడవలితో పీచు చెక్కుతూ, తల ఎత్తకుండానే, "ఎవరూ మునగలేదు కదా?" అన్నాడు.

"మీ కాలు తెగింది నా వల్లే మామయ్యా," అంది లువా. "అబద్ధానికి వేశాను ఆ కేక."

కొడవలి ఆగింది.

"నిన్న వచ్చేటప్పుడు నాకేం కనపడిందో తెలుసా?" అన్నాడాయన. "పోయిన ఏడు పంది రోజున నేను అందరికంటే ముందు చేరేసరికి మీరందరూ పడవ అంచు పట్టుకుని వేలాడుతున్నారే, అదే కనపడింది. నీ ముఖమే కనపడింది. నువ్వు మునిగావనే అనుకున్నాను."

లువా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నం తిని వస్తానన్నది కోపంలో అన్న మాట. కానీ నాకొక భయం పట్టుకుంది. ఈసారి ఆ కేక వింటే, నిజమా అబద్ధమా అని ఒక్క క్షణం ఆలోచిస్తానేమో. నీళ్ళకి ఆ ఒక్క క్షణం చాలమ్మా."

"ఇంకెప్పుడూ వేయను మామయ్యా," అంది లువా.

"వేయకపోతే ఎలా? అవసరమైతే వేయాలి."

"అవసరమైతేనే వేస్తాను."

ఆయన తల ఊపాడు. క్షమించినట్టూ కాదు, క్షమించనట్టూ కాదు. మళ్ళీ కొడవలి అందుకున్నాడు.

తిరుగు దారిలో అమ్మమ్మే నోరు విప్పింది. "కేక వినేవాడు లేవాలి. కథ వినేవాడు కూచోవాలి. నువ్వు కథ వినమని చెప్పి జనాన్ని లేపావు, పిచ్చిదానా."

"మరి ఎక్కడ మొదలుపెట్టాలి అమ్మమ్మా?"

"నాకేం తెలుసు? నేనేమన్నా టీచర్నా? అరటిపండు ఇలా పడెయ్."

లువా సౌ అత్తయ్య ఇచ్చిన పండు అమ్మమ్మకి ఇచ్చింది. రెండో పండు వాసన చూస్తుంటే ఆ పంది రోజు మొత్తం ఆమె కళ్ళ ముందుకి వచ్చింది. ఎంత గింజుకున్నా రానిది, ఇప్పుడు ఊరికే వచ్చేసింది. తడిగా, చల్లగా, గుర్రు గుర్రుమంటూ.

*

సోమవారం పొద్దున బడి ఆవరణలో ప్లాస్టిక్ స్టూళ్ళు వరసలు తీరాయి. పొట్టి ప్రహరీ గోడ అవతల కాలువలో సంతకి వెళ్ళే పడవలు వరసగా పోతున్నాయి. జెండా పైకి వెళ్ళింది. పాట అయింది. లియూ టీచర్ లువా భుజం తట్టింది.

లువా మైకు ముందు నిలబడింది. ఐదో తరగతి వరసలోంచి దౌ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, "కేక! కేక!" అని సైగ చేశాడు. వాడికి ఇంకా బుద్ధి రాలేదు.

లువా గొంతు సవరించుకుంది.

"అందరికీ నమస్కారం. నా మోకాలి మీద పంది మూతి ఉంది."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. జడ లాగుతున్న ఒక చెయ్యి జడ దగ్గరే ఆగిపోయింది.

"అది తడిగా ఉంది. చల్లగా ఉంది. ఆ పంది నాకంటే పెద్దది. దానికి నా సంచిలో ఉన్న అరటిపండు వాసన తగిలింది. వెనక్కి జరుగుదామంటే చోటు లేదు. నా వెనక దౌ ఉన్నాడు."

అందరూ దౌ వైపు తిరిగారు. దౌ చటుక్కున చేతులు దించేశాడు.

"మేము మా అమ్మమ్మ పడవలో, కాలువ మధ్యలో ఉన్నాం. అది పెద్ద పోటు రోజు. పంది సౌ అత్తయ్యది. అమ్మడానికి అవతలి ఒడ్డుకి తీసుకెళ్తోంది. 'కదలొద్దు పిల్లా, అది మంచిదే' అంది అత్తయ్య. పంది సంచిలో మూతి పెట్టింది. అరటిపండుతో పాటు నా లెక్కల పుస్తకం కూడా నమిలింది."

ఈసారి టీచర్లు కూడా నవ్వారు. లువా నవ్వలేదు. ఆమె ఇప్పుడు నిజంగానే ఆ పడవలో ఉంది. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పనే రాలేదు.

"సౌ అత్తయ్య తాడు పట్టి లాగింది. పందికి కోపమొచ్చింది. లేచి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు ముందు నా చెప్పుల మీదికి వచ్చాయి. తర్వాత మోకాళ్ళ దాకా వచ్చాయి. దౌ నా చొక్కా పట్టుకున్నాడు. నేను పట్టుకోవడానికి ఏమీ లేక పంది చెవి పట్టుకున్నాను. అమ్మమ్మ తెడ్లు వదిలేసింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది."

అక్కడ ఆగింది లువా.

చిట్టచివరి వరసలో ఒకటో తరగతి పిల్లాడొకడు స్టూలు అంచుకి జరిగి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

లువా తల ఎత్తింది. గోడ అవతల కాలువ కనిపించింది. సంతకి పోవాల్సిన పడవలు కొన్ని అక్కడే ఆగి ఉన్నాయి. ఒక పడవ నిండా చెక్కిన కొబ్బరికాయలు. వాటి మీద నామ్ మామయ్య.

ఆయన కూర్చుని లేడు. కట్టు కట్టిన కాలు పడవ అంచున ఆనించి, లేచి నిలబడి ఉన్నాడు. పడవ నెట్టే గెడ అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా రాని కేక కోసం, కథలోని కేక కోసం, ఆయన ఒళ్ళు దానంతటదే లేచింది. ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

లువా మైకుని చేత్తో పట్టుకుని, చాలా మెల్లగా చెప్పింది.

"అప్పుడు మా అమ్మమ్మ ఒక కేక వేసింది. అదేం కేకో మీ అందరికీ తెలుసు. ఇక్కడ నేను దాన్ని వేయను."

కాలువ మీద నామ్ మామయ్య ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గెడ పక్కన పెట్టి, కొబ్బరికాయల మీద నెమ్మదిగా కూర్చున్నాడు. కాలు సర్దుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఇటు తిరిగాడు.

"ఆ కేక విని అందరికంటే ముందు వచ్చిన మనిషి కాళ్ళకి ఒకటే చెప్పు ఉంది," అని లువా కథ సాగించింది.